పాదిరిసామి మూడు ముళ్లు

అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇన్నాళ్లూ ఇది రాయలేకపోయాను.

నిన్న అంగట్లో తెల్లటి నూలుతాడు చూడగానే పాదిరిసామి గుర్తొచ్చాడు. నాకు ఏడేళ్లప్పుడు, కోయిలకుంట్ల దగ్గర మా పల్లెలో, చర్చి ముందు ఇసుకలో ‘అ’, ‘ఆ’ దిద్దించింది ఆయనే. గోధుమరంగు అంగీ మీద నడుముకు కట్టుకున్న తెల్లతాడుకు మూడు ముళ్లుండేవి.

“మూడు ముళ్లు పడినాయంటే పెండ్లయినట్టే గదా సామీ! నీ పెండ్లాం యాడుండాది?” అన్నాను.

“ఇవి దేవునికిచ్చిన మాటలు పాపా,” అని నవ్వాడు.

“ఊరికే చెప్తాండావు. ఆయమ్మ ఏడుస్తాంటాది. పోయి పిల్చుకోని రాపో.”

మూడోనాడు ఆయన బస్సెక్కాడు. పైవాళ్ల ఆజ్ఞ మీద వేరే ఊరికి మారాడనీ, మాట జవదాటకపోవడం ఆ ముళ్లలో ఒకటనీ చాలా ఏళ్లకు తెలిసింది. మనవరాలి దాకా నాకు ‘ఇ’ చెప్పినవాళ్లు లేరు.

ఆయన వెళ్లిన మరుసటి పొద్దున బస్సాగే చోటికి పోయి, ఇద్దరూ దిగుతారని మధ్యాహ్నం దాకా నిలబడ్డాను.