రీడ్ తీసేయమన్నారు

ఫంక్షన్ హాళ్ల మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు. ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాకా పోతుంటే, ఈ ప్రాంతంలో జనం కాపురాలు చేయడం మానేసి పెళ్లిళ్లే చేసుకుంటున్నారేమో అనిపిస్తుంది. ఆ హాళ్లలో చాలావాటిలో నేను సాక్సోఫోన్ పట్టుకుని నిలబడ్డాను. వాయించానని అనడం లేదు, నిలబడ్డానని అంటున్నాను. ఆ తేడా ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మర్యాదగా చెబుతానని మాత్రం మాటివ్వలేను.

మా నాయిన పెళ్లి బ్యాండులో సాక్సోఫోన్ వాయించేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాండు దుకాణం ఉండేది. బరాత్ ఊరేగింపు ముందు ఎర్రకోటు తొడుక్కుని నడుస్తూ వాయించడం ఆయన పని. నాకు సాక్సోఫోన్ నేర్పింది ఆయనే. ఆడపిల్లకు బ్యాండెందుకని మా వాళ్లంతా నోళ్లు నొక్కుకున్నా ఆయన వినిపించుకోలేదు. నేర్పాడు గానీ బరాత్‌కు మాత్రం ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. బ్యాండులో ఆడవాళ్లు నడవరు, అంతే. ఇక మా చర్చి పెద్దలకు సాక్సోఫోన్ అంటే క్లబ్బు, తాగుడు. ఫ్లూటయితే పరవాలేదన్నారు. సరేనని ఫ్లూటు కూడా నేర్చుకున్నాను. ఆదివారం దేవుడికి ఫ్లూటు, మిగతా రోజులు ఇంట్లో తలుపులు మూసుకుని సాక్సోఫోను. ఆ దేవుడికి ఏది ఇష్టమో అడిగినవాళ్లు లేరు.

కాలేజీలో ఉండగా కోఠిలో పాత క్యాసెట్లు అమ్మే బండి మీద ఒక జాజ్ క్యాసెట్ దొరికింది. అట్ట మీద సాక్సోఫోన్ బొమ్మ ఉందని కొన్నాను. మొదటిసారి విన్నప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాట మొదలవుతుంది. కాసేపటికి వాయించే మనిషి పాటను వదిలేసి తన దారిన తాను పోతాడు. ఎటెటో తిరిగి, ఇక తప్పిపోయాడనుకున్నప్పుడు సరిగ్గా పాట దగ్గరికే వచ్చి నిలబడతాడు. ఆ పోయిరావడంలోనే అంతా ఉందని తెలిశాక నాకు ఇంకేదీ రుచించలేదు. ఎవరూ రాసివ్వనిది, రేపు మళ్లీ ఇలాగే రానిది, ఈ పూటకు నా ఊపిరిలోంచి పుట్టేది. నాకు అదే కావాలనుకున్నాను.

నాయిన ఒప్పుకోలేదు. బ్యాండులో పద్ధతి వేరు. రికార్డులో పాడినాయన ఎక్కడ దమ్ము తీసుకున్నాడో వాయించేవాడు కూడా అక్కడే తీసుకోవాలి. ఒక్క స్వరం ఎక్కువైనా తప్పే. నేను పాట వదిలి పక్కకు పోయిన ప్రతిసారీ, "పాట ఏది బిడ్డా? మంచిగున్న పాటను ఖరాబ్ జేస్తున్నవ్," అని లేచి బయటికి పోయేవాడు. నేను వెనకాలే పోయి కొట్లాడేదాన్ని. నాకు పెళ్లయినా, పిల్లలు పుట్టినా, జుట్టు నెరిసినా ఈ కొట్లాట తెగలేదు. వారమంతా స్కూల్లో పిల్లలకు ఫ్లూటు నేర్పుతాను, ముహూర్తాలున్నప్పుడు ఫంక్షన్లకు పోతాను, ఎప్పుడైనా ఊరికి ఆ చివర ఒక కాఫీ షాపులో నలుగురం కలిసి జాజ్ వాయిస్తాం. అక్కడికి వచ్చి వినమంటే, "గంత దూరం ఎవలొస్తరు," అనేవాడు. నాకు ఆయన మెప్పు కూడా అక్కర్లేదు. ఒక్కసారి, మధ్యలో లేచి బయటికి పోకుండా, నన్ను చివరిదాకా వింటే చాలు.

ఆ ఒక్కసారి కూడా చేజారిపోయేలా ఉంది. ఏళ్ల తరబడి డ్రమ్ముల పక్కన నడిచి నడిచి ఆయన చెవులు పాడయ్యాయి. దవాఖానలో చెవి మిషను ఇచ్చారు గానీ గుయ్యిమంటోందని పెట్టుకోడు. అమ్మా, నాయినా సరూర్‌నగర్‌లో నా దగ్గరే ఉంటారు, అందుకే ఎల్‌బీ నగర్‌లో ఒక రిసెప్షన్‌కు పిలుపు రాగానే నేనే ఆయన్ని అడిగాను. "రెండు పాటలే నాయినా. మనింటికి దగ్గరనే." ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "జర ఇస్త్రీ అంగీ తియ్యమను మీ అమ్మను," అన్నాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

హాల్లో ఆయన్ని స్టేజీకి ఎదురుగా మొదటి వరసలో కూర్చోబెట్టి వెనక్కి వెళ్లాను. పెట్టె తెరిచి రీడ్ తడుపుకుంటున్నాను. రీడ్ అంటే సాక్సోఫోన్ మూతికి బిగించే సన్నటి బద్ద. అది అదిరితేనే శబ్దం, అది లేకపోతే ఉత్త ఇత్తడి గొట్టం. అంతలో ఈవెంట్ చేయించే ఆయన వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, నోరు తెరిస్తే తేనె.

"మేడమ్, మీరు ఊదక్కర్లేదండీ. పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ ఉంది. మీరలా వేళ్లు కదుపుతూ నిలబడితే చాలు."

"మరి నన్నెందుకు పిలిచారు?"

"కెమెరాకండీ. లేడీ సాక్సోఫోన్ అంటే ఇప్పుడు క్రేజ్ కదా, పెళ్లికూతురు వాళ్లు అడిగి మరీ పెట్టించుకున్నారు. ఆ రీడ్ మాత్రం తీసేయండి మేడమ్. పోయినసారి ఒకాయన ట్రాక్ మధ్యలో ఊదేసి మొత్తం గందరగోళం చేశాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి పిలిచినప్పుడు ట్రాక్ మాటే ఎత్తలేదు, అందుకే నాయినను తెచ్చాను. ట్రాకుకు నిలబడడం నాకు కొత్త కాదు. ఈ మధ్య అన్ని హాళ్లలోనూ ఇదే తంతు, గంగిరెద్దులా తలాడిస్తూ చాలాసార్లే నిలబడ్డాను. అయితే అప్పుడు రీడ్ నా సాక్సోఫోన్‌కే ఉండేది. ఊదకపోవడం నా ఇష్టమని మనసుకు సర్దిచెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఈయన ఊదే వీలే లేకుండా చేయమంటున్నాడు. వంటామెను పిలిచి, పొయ్యి వెలిగించొద్దు, గరిటె తిప్పుతూ ఫొటో దిగమని ఎవరైనా అంటారా?

"తియ్యను," అన్నాను.

"అలా అంటే ఎలాగండీ, అవతల ఫ్యామిలీలన్నీ కూర్చున్నాయి..."

"మా ఫ్యామిలీ గుడ అక్కడనే కూసున్నది. మా నాయినొచ్చిండు." కోపమొస్తే నా నోట ఇంటి మాటే వస్తుంది.

"మంచిదే కదండీ, నాన్నగారు కూడా చూస్తారు," అని నవ్వాడు. చూస్తారట! ఆ నవ్వు మొహం మీద సాక్సోఫోన్ విసిరికొట్టాలనిపించింది. నాకున్నది అదొక్కటే కాబట్టి ఊరుకున్నాను.

పెట్టె మూసేసి, నాయినను వెంటబెట్టుకుని ఆటో ఎక్కి పోవచ్చు. పోదామనే తెర పక్కకు జరిపాను. ఆయన చెవికి మిషను పెట్టుకుంటున్నాడు. పెట్టుకోనని ఇన్నాళ్లూ మొండికేసిన మనిషి, జేబులోంచి తీసి, తడుముకుంటూ, వంకర పోతే సరిచేసుకుంటూ పెట్టుకుంటున్నాడు. నేను రీడ్‌తోనే స్టేజీ ఎక్కాను.

నా ముందు మైకు పెట్టారు. దాని వైరు ఎటూ పోలేదు, స్టేజీ అంచున చుట్టచుట్టి పడి ఉంది. ట్రాక్ మొదలైంది. ఎవరో మహానుభావుడు స్టూడియోలో కూర్చుని వాయించిన పాత సినిమా పాట, రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా. పల్లవి దాకా దాని వెంటే పోయాను. తర్వాత వదిలేశాను. కోపమంతా పొట్టలోకి లాగి ఊదాను. కింది స్వరాల్లోకి దిగి గొణిగాను, పై స్వరాలకు పోయి అరిచాను, చర్చి పెద్దల మీద, ఆడదాన్ని నడవనివ్వని బ్యాండు మీద, ఆ తేనె నోటి మీద. అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు. గొప్పకు చెప్పుకోవడం కాదు, నాకు తెలుసు. పక్కనున్న ఫొటోగ్రాఫర్ కెమెరా దించి నా వైపు చూశాడు. సౌండ్ పెట్టే అతను కూడా చూశాడు. చూసి ట్రాక్ సౌండ్ పెంచాడు. నేను ఇంకా గట్టిగా ఊదాను. అతను ఇంకా పెంచాడు. అంత ఎత్తు స్పీకర్లతో ఒక మనిషి ఊపిరి ఎంతసేపని కొట్లాడుతుంది? రెండో పాట ఫ్లూటు మీద. దాని సంగతి చెప్పక్కర్లేదు, నా ఫ్లూటు నాకే వినపడలేదు.

బిర్యానీ ప్లేట్లు చేతిలో ఉన్నవాళ్లు తలలూపారు, లేనివాళ్లు చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి కొట్టింది మాత్రం మా నాయిన ఒక్కడే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన మిషను తీసి జేబులో వేసుకుని, నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "శాన మంచిగ వాయించినవ్ బిడ్డా. ఒక్కకాడ గుడ తప్పు పోలే. ఇన్నేండ్ల సంది నేను మొత్తుకునేది ఇయ్యాల చేసినవ్. పాటంటే గది."

ఆయన సంతోషం ఆయనకు ఉండనీ అని నిజంగానే అనుకున్నాను. ఆయన ఆగితే కదా. చరణంలో దమ్ము తీసుకున్న చోటు గురించి, స్వరం నిలబెట్టిన తీరు గురించి చేతులు తిప్పుతూ చెబుతూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాకు రాని మెచ్చుకోలు పెన్‌డ్రైవ్‌కు వస్తోంది. కొత్తపేట దాకా ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

"అది నేను గాదు నాయినా!" అని అరిచాను. చెవికి మిషను లేదు, అరవాల్సిందే. ఆటో డ్రైవర్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "రికార్డు పెట్టిండ్రు! నేను వేరే వాయించిన! నా మైకుకు వైరే లేకుండె!"

ఆయన నా మొహంలోకి చూశాడు. "నువ్వు వాయించినవా మరి?"

"వాయించిన."

"ఏం వాయించినవ్?"

"నాది."

ఆయన బయటికి తిరిగి మెట్రో స్తంభాలను చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు చెప్పానా అని నా మీద నాకే కోపమొచ్చింది. ఆ వెంటనే ఆయన మీద కూడా వచ్చింది, స్పీకర్‌కూ కూతురికీ తేడా తెలియని ఆ చెవుల మీద.

ఇల్లు చేరేసరికి అమ్మ గడపలోనే నిలబడి ఉంది. మేం ఇంకా లోపలికి రాకముందే ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "ఎట్ల వాయించింది బిడ్డ?" అని అడిగింది.

ఆయన మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. ఒకటి విప్పి దూరంగా విసిరేశాడు.

"నన్నేం అడుగుతవ్?" అని ఆమె మీద గయ్యిమన్నాడు. "ఆళ్లు ఇననిస్తే గద!"