కంకిపాడు వ్రతంలో చైతన్య స్రవంతి

విజయవాడలో చైతన్య స్రవంతి అనే కథాశిల్పం మీద ఎన్ని సభలు జరిగినా నన్ను ఎవరూ పిలవరు. ఇది మొదటి ఫిర్యాదు. పిలవకపోయినా వెళ్ళి వెనక వరసలో కూర్చుంటే, బిస్కెట్ల పళ్ళెం సరిగ్గా నా ముందు వరస దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. ఇది రెండోది. ఆ పళ్ళెం పట్టుకున్నాయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. కృష్ణా జిల్లాలో ఈ శిల్పాన్ని ఎవరెవరు వాడారో పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తారు. అందులో నా పేరుండదు. అయ్యా, మిగతావాళ్ళంతా కాగితం మీద వాడారు. నేను హారన్ మైకులో, సగం కంకిపాడుకి వినిపించేలా వాడాను. కట్టుకున్న పెళ్ళాం దక్కదేమో అనేదాకా వాడాను. సాహిత్యం కోసం ఇంతకంటే ఎవరేం చేస్తారు?

తొంభైల చివర్లో మాట. నాకు కొత్తగా పెళ్ళయింది. లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, మొగల్రాజపురం కొండ పక్కన ఒక్క గది. ఆషాఢం రాగానే నా భార్య సుజాతను కంకిపాడు తీసుకుపోయారు. ఆ నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మామగారు అల్లుడి గడప తొక్కకూడదని మాత్రం ఎక్కడా లేదు. అందుకని ఆయన పురుగుమందులు కొనడానికి బెజవాడ వచ్చినప్పుడల్లా నా గదికి వచ్చి, నా మంచం మీద నడుం వాల్చి, నన్ను తనిఖీ చేసేవారు.

ఆయన దగ్గితే కిటికీ మీద పావురాలు లేచిపోయేవి. నేను లేచి నిలబడేవాణ్ణి.

"ఈ గదిలో మా పిల్ల ఎట్టా ఉంటదయ్యా? గాలేదీ?"

"ఫ్యానుందండీ, మావయ్యగారూ."

"ఫ్యాను తిరగ్గానే సరా? అది తోలటానికి ముందు గాలుండాలిగా? వరలక్ష్మీ వ్రతం కానీ. పంపేదీ లేందీ అప్పుడు చూద్దాం."

ఆ 'చూద్దాం' విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే ఒక సాహిత్య సభలో ఓ లెక్చరర్ గారు చైతన్య స్రవంతి గురించి చెప్పారు. "మనసులో ఏది ఎలా వస్తే అలా వదిలెయ్యండి. ఫుల్‌స్టాపులు వద్దు. స్రవంతిని ఆపకండి!" నేను లేచి, "పెళ్ళయినవాళ్ళు కూడానా అండీ?" అని అడిగాను. అందరూ నవ్వారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇది మూడో ఫిర్యాదు.

నా మనసు పరిగెత్తే వేగానికి చెయ్యి అందేది కాదు. అందుకని పెళ్ళిలో పెట్టిన టేప్‌రికార్డరులో చెప్పుకుని, తర్వాత తీరిగ్గా రాసుకుందామనుకున్నాను. ఓ మధ్యాహ్నం మామగారు అలా బస్సుకి బయల్దేరారో లేదో, నా లోపల స్రవంతి పొంగింది. తీరా చూస్తే ఖాళీ క్యాసెట్టు లేదు. ఉన్నదల్లా అత్తగారు తెమ్మన్న వరలక్ష్మీ వ్రతం క్యాసెట్టు. ఆ శుక్రవారం పురోహితుడు దొరకడని ముందే కొనిపించారు. ఒకవైపు వ్రతం మొత్తం అయిపోతుంది, రెండోవైపు మళ్ళీ అదే ఉంటుంది అని నా అంచనా. పాటలు చెరిగిపోకుండా కంపెనీవాళ్ళు విరగ్గొట్టిన మూలలో కాగితం ఉండ కుక్కి, మళ్ళీ రికార్డయ్యేలా చేసి, రెండోవైపంతా నా మనసుతో నింపేశాను. మహానుభావుడిలా నిద్రపోయాను.

వ్రతం రోజు వచ్చింది. పెళ్ళయ్యాక కూతురి మొదటి వ్రతమని మామగారు మైకులు అద్దెకిచ్చే మస్తాను చేత మైకు సెట్టు పెట్టించారు. డాబా మీద హారన్, వసారాలో మస్తాను, పక్కన కుర్చీలో మామగారు, ఆయన పక్కన స్టూలు మీద నేను. అల్లుడికి స్టూలు వేశారన్న సంగతి కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. లోపల సుజాతా, వీధిలోని ముత్తైదువులంతా క్యాసెట్టు చెప్పినట్టల్లా పసుపు చల్లుతున్నారు, పూలు వేస్తున్నారు. అంతా సవ్యంగా ఉంది.

ఇంతలో క్యాసెట్టు, "కథ వినేవారు అక్షతలు చేత పట్టుకుని కూర్చోండి. కథ రెండో వైపున" అని టక్కున ఆగింది.

నా రక్తం కూడా ఆగింది.

మస్తాను క్యాసెట్టు తిరగేస్తున్నాడు. నేను లేవబోయాను. మామగారు నా భుజం మీద చెయ్యి వేశారు. బస్తా పడ్డట్టయింది.

"కూర్చో. కథ మధ్యలో లేవకూడదు."

"ఒక్క నిమిషం, మావయ్యగారూ, ఆ క్యాసెట్టు..."

"మాట్టాడకూడదు కూడా."

హారన్ గొంతు సవరించుకుంది. అది నా గొంతు.

"మామగారు పోయారు హమ్మయ్య ఇక గదిలో నేనూ స్రవంతీ స్రవంతిని ఆపకూడదు తలుపు గడియ వేశానా వేశాను..."

ఫుల్‌స్టాపు ఎంత గొప్పదో నాకు ఆ క్షణంలో తెలిసింది. లోపల గాజుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. మస్తాను నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. నేను మామగారి వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. పైగా తర్వాత ఏం వస్తుందో నాకొక్కడికే తెలుసు. పట్టాల మీద కాళ్ళు ఇరుక్కున్నవాడు రైలు కూత విన్నట్టు విన్నాను.

"...మామగారి చెవుల్లో ఆ వెంట్రుకలేమిటి పిచ్చుక గూడు పెట్టుకోవచ్చు..."

మామగారి చెయ్యి నా భుజం మీంచి లేచి, మెల్లగా ఆయన చెవి దగ్గరకు వెళ్ళింది.

అప్పుడే పక్కింటి సుబ్బారావు బాబాయి తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు. "అన్నయ్యా! పొద్దున్నే నవ్వుతా పలకరించావు గదయ్యా! ఇంతలోనే పోయావా!" అని బావురుమంటూ వసారా ఎక్కి, కుర్చీలో ఉన్న మామగారిని చూసి కెవ్వుమన్నాడు. వెనకాల ఇంకో పదిమంది.

"ఎవడ్రా పోయింది?" అన్నారు మామగారు.

"మీరేనంట గదా! మైకులో చెప్పారు!" అంది వెనకాల గుంపు.

"పోయారంటే బస్టాండుకి పోయారండీ!" అని నేను ఏడుపు గొంతుతో అరిచాను.

మస్తాను అప్పటికి తేరుకుని టేపు ఆపాడు. అత్తగారు గుప్పిట్లో అక్షతలతో గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ వెనక సుజాత.

"ఎవరు బాబూ ఆ స్రవంతి?"

"మనిషి కాదండీ, అత్తయ్యగారూ. శిల్పం!"

"శిల్పంలా ఉంటదంట!" అని లోపల ఎవరో ముక్కు మీద వేలేసుకున్నారు.

"అయ్యో, కథలు రాసే పద్ధతండీ! పూర్తిగా చెప్పాలంటే చైతన్య స్రవంతి!"

"చూడు, ఇంటిపేరుతో సహా చెబుతున్నాడు!"

సుజాత మాత్రం కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

మామగారు చెయ్యెత్తారు. "ఏమయ్యా, మనసులోది ఆపకుండా చెప్పటమేనా ఆ స్రవంతంటే?"

"అంతేనండీ."

"అయితే ఇప్పుడు చెప్పు, విందాం. మస్తానూ, మైకియ్యి."

మైకు చేతికొచ్చింది. వీధి వీధంతా చెవులు రిక్కించింది. నా మనసు నీళ్ళు కట్టేసిన బందరు కాలువలా ఎండిపోయింది. "హలో," అన్నాను.

"ఇదేనా?"

"భయమేస్తోందండీ."

"అదే చెప్పు."

"భయమేస్తోంది మామగారంటే భయం చూద్దాం అంటే భయం గదిలో రెండు గ్లాసులున్నాయి ఆషాఢం వచ్చిన దగ్గర్నుంచీ రెండోది బోర్లించే ఉంది దాన్ని చూస్తే భయం సుజాతని పంపరేమో కొండ మీది కోతులకి కూడా జతలున్నాయి నాకు ఫ్యాను ఒకటే ఉంది..."

"ఆపు!"

లోపల ముత్తైదువులు కథ పూర్తయిందనుకుని అక్షతలు నెత్తిన వేసుకున్నారు.

మామగారు గుమ్మం వైపు తిరిగి, "అమ్మాయ్, బట్టలు సర్దుకో. ఇవాళే బయల్దేరుతున్నావు," అన్నారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు నా రచనకు ఒక పాఠకుడు కరిగాడు! ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పారు: "అదెవరో ఉందో లేదో నాకు తెలవదు. ఉంటే గనక, మా పిల్ల అక్కడుండటమే మంచిది. ఎందుకైనా మంచిదని మీ అత్తయ్య కూడా వస్తది. దీపావళి దాకా ఉంటది."

గాలి లేని ఆ గదిలో సుజాతా, అత్తగారూ పడుకున్నారు. నేనూ చైతన్య స్రవంతీ మెట్ల మీద పడుకున్నాం.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు నా మనసులోకి వచ్చే ప్రతి మాటకూ చివర ఒక ఫుల్‌స్టాపు పెట్టి, అది జారిపోకుండా పక్కన ఇంకొకటి పెడతాను. మామగార్లు ఎప్పుడు ఎక్కడికి వెళ్ళినా 'వెళ్ళారు' అనే రాస్తాను.

ఇక మిగిలింది అసలు ఫిర్యాదు. ఆ రోజు బస్సులో సుజాత కిటికీలోంచి బయటకు చూస్తూ, "ఆవిడ పొడుగా, పొట్టా అండీ?" అని అడిగింది. అది వేళాకోళమో, అనుమానమో నాకింతవరకు తెలియదు. అమ్మాయి పుట్టినప్పుడు పేర్ల గురించి మాటొస్తే, "ఆ ఒక్క పేరు తప్ప ఏదైనా పెట్టండి," అంది. "నన్ను నమ్మావా, లేదా?" అని అడిగిన ప్రతిసారీ పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఏదీ మాడిన పాపాన పోలేదు.

సుజాతా, ఇది అచ్చయితే నువ్వు చదువుతావని నాకు తెలుసు. నమ్మావా, లేదా? లేచి వెళ్ళకుండా, కూర్చుని, ఫుల్‌స్టాపు పెట్టి జవాబు చెప్పు.