టూ వీల్ యూట్‌ను ఫోర్ వీల్ చేయబోయి

ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం డునెడిన్‌లోని మా గ్యారేజీలో పడుకుని, మా యూట్‌ను, అంటే పికప్ ట్రక్కును, ఫోర్ వీల్ డ్రైవ్‌గా మారుస్తున్నాను. నా భార్య సునీత నర్సు. కొండ మీది ఫారాల్లో ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్తుంది. పోయిన చలికాలం ఈ యూట్‌తోనే రెండుసార్లు బురదలో ఇరుక్కుపోయింది.

ఈ రోజు మెకానిక్ యాదన్న వచ్చి బండి కిందికి దూరి చూశాడు.

“తమ్మీ, టూ వీల్ ఛాసిస్ వేరు, ఫోర్ వీల్ ఛాసిస్ వేరు. నీ వెల్డింగుకు ఇక్కడ ఎవ్వరూ సర్టిఫికెట్ ఇయ్యరు, అది లేకుంటే బండిని రోడ్డెక్కనియ్యరు.”

“పోనీ, మళ్లీ పాతలాగే చేసేస్తే?”

“పాతవన్నీ కోసేసినవ్ గదా. ఇగ స్క్రాప్‌కే.”

పక్కనే ఉన్న సునీత అంతా విన్నది. మళ్లీ చలికాలం బురద మొదలైంది కాబట్టి, రేపటి నుంచి తన చిన్న కారు కొండ కిందే ఆపి నడిచి వెళ్తానని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. మీలో ఎవరైనా ఇలా నడిచే బండిని సొంత చేతులతో చంపుకున్నారా?