డాక్టరమ్మ లేని హాల్డెన్

మా అక్క సుశీల టెక్సస్‌లోని హాల్డెన్ అనే ఊళ్లో పంతొమ్మిదేళ్లు డాక్టరుగా పనిచేసింది. వీసా కోసం మూడేళ్లు పల్లెటూళ్లో చేయాలని వెళ్లి, ఆ తర్వాత కూడా అక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. నేను డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటూ ఒక్కసారి కూడా ఆ ఊరు వెళ్లలేదు. పిలిచినప్పుడల్లా "అక్కడ చూడ్డానికి ఏముందక్కా, నువ్వే రా" అనేదాన్ని. తనే వచ్చేది.

మొన్న ఫిబ్రవరిలో అక్క పోయింది. ఏప్రిల్‌కి ఇల్లు అమ్ముడైంది. కాగితాల మీద ఆన్‌లైన్‌లో సంతకం పెడితే చాలని లాయర్ ఆఫీసువాళ్లు చెప్పినా, నేనే వస్తానన్నాను.

హైవే మీద డ్రైవ్ చేయడమంటే నాకు భయం. మోరిస్‌విల్‌లో ఉండే మా అమ్మాయి నిత్య "అమ్మా, వన్ వీక్ వెయిట్ చేయి, నేను ఫ్లై చేసి వస్తా, ఐ విల్ డ్రైవ్" అంది. వద్దన్నాను.

బుధవారం ఉదయం ఏడుంబావుకి డాలస్‌లో బస్సెక్కాను. సగం సీట్లు ఖాళీ. ఫోర్ట్‌వర్త్ దాటాక ఇళ్లు పలచబడి, ఆకాశం ఎక్కువైంది. పదిన్నరకి డబ్బాలోని పులిహోర తిన్నాను. పదకొండూ ఇరవైకి అబిలీన్. అక్కడి నుంచి హాల్డెన్‌కి బస్సు లేదు. పల్లెలకి తిరిగే చిన్న వ్యాన్ ఒకటే దిక్కు. వెళ్లదలచినవారు ముందు రోజే ఫోన్ చేసి సీటు చెప్పుకోవాలి. మరిచిపోతే అబిలీన్‌లోనే ఉండిపోవాల్సి వస్తుంది.

పన్నెండున్నరకి వ్యాన్ వచ్చింది. డ్రైవర్ వెర్నన్‌కి డెబ్బై ఏళ్లుంటాయి. ఎక్కింది నేనొక్కదాన్నే.

"పొద్దున హాల్డెన్ నుంచి నిండుగా వస్తాను. అందరూ డాక్టర్ల దగ్గరికే. ఈ టైంలో అటు వెళ్లేవాళ్లు ఉండరు," అన్నాడాయన.

అక్క సంగతి చెబుదామనుకుని మానేశాను. దారి పొడవునా దున్ని వదిలేసిన పత్తి చేలు, వాటి మధ్య తిరుగుతున్న గాలిమరలు. ఎదురుగా వచ్చిన ప్రతి పికప్ ట్రక్కుకీ వెర్నన్ స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు. మొత్తం ఆరు ట్రక్కులు.

రెండింటికి పది నిమిషాల ముందు దిగాను. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. దానికి హాల్డెన్ ముఖ్య పట్టణమంటే ఏదో ఊహించుకున్నాను. మధ్యలో పసుపు రాతి కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వీధులు. సగం షాపుల అద్దాలకి లోపలి నుంచి కాగితాలు అంటించి ఉన్నాయి. తెరిచి ఉన్నవి బ్యాంకు, మందుల షాపు, పశువుల దాణా కొట్టు, రెండింటికి మూసేసే ఒక కేఫ్. కాఫీ అడిగితే అప్పటికే కుర్చీలు బల్లల మీదికి ఎక్కిస్తున్న ఆవిడ పేపర్ కప్పులో పోసి ఇచ్చింది. కోర్టు చుట్టూ ఒకసారి తిరిగేసరికి ఎదురైంది ఇద్దరే మనుషులు. ఇద్దరూ టోపీ తాకి మర్యాదగా "మ్యామ్" అన్నారు.

కోర్టు వెనక వీధిలో అక్క క్లినిక్. తాళం వేసి ఉంది. అద్దం మీద అంటించిన పేరు ఎవరో గీకేశారు గానీ, అక్షరాలు ఉన్నచోట దుమ్ము పట్టక పేరు ఇంకా చదవడానికి వస్తోంది. ఇంటిపేరుతో సహా చదివాను. పెళ్లయ్యాక నేనూ మార్చుకోలేదు, అది నా ఇంటిపేరు కూడా. అక్కడ కాసేపు నిలబడ్డాను.

మూడింటికి లాయర్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ పనిచేసే జోడీ నన్ను చూడగానే లేచింది. "మీరు డాక్టర్ సుశీల చెల్లెలు కదా! ఏటా ఏప్రిల్ వస్తే చాలు, మా చెల్లెలు వస్తోందని అందరికీ చెప్పేది. ఆ మంచం కొనడానికి ఆమెతో అబిలీన్ వెళ్లింది నేనే."

"ఏ మంచం?"

"మీ గదిలోది."

జోడీ కలం నా ముందు పెట్టింది. "సంతకం రేపు పొద్దున పెట్టొచ్చా?" అన్నాను. ఆమె ఏమీ అడగకుండా సొరుగులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. "కొన్నవాళ్లు శనివారం వస్తారు. అప్పటిదాకా ఎవరూ రారు," అంది.

అక్క ఇల్లు ఊరి చివర వీధిలో. ఆ తర్వాత చేలే. సామానుతో సహా అమ్మాము కాబట్టి అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్క గది పుస్తకాలతో ఇరుగ్గా ఉంది. రెండో గదిలో మంచం, ఉతికి మడిచిన దుప్పటి, చదువుకోవడానికి దీపం. మంచం కింద కవరులో రబ్బరు చెప్పులు. లేబుల్ కూడా తీయలేదు. వేసుకుని చూశాను. సరిపోయాయి.

నిత్య ఫోన్ చేసింది. "అమ్మా, ఆర్ యూ క్రయింగ్?"

"లేదే."

"మోటెల్ ఓకేనా?"

"మోటెల్‌కి వెళ్లలేదు. పెద్దమ్మ ఇంట్లో ఉన్నా. ఇక్కడ నాకో గది ఉంది."

"ఐ డిడ్న్ట్ నో, అమ్మా," అంది. నాకూ తెలియదన్నాను.

ఆరున్నరయినా ఎండ పోలేదు. కిటికీలోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. అక్కకి చేతినిండా పని, ఊరినిండా పేషెంట్లు, ఇంక నాతో ఏం అవసరమని ఇన్నేళ్లూ అనుకున్నాను. క్లినిక్ మూసి వచ్చాక ఈ సాయంత్రాలు ఎంత పొడుగో ఎప్పుడూ లెక్కకట్టలేదు. "వచ్చానక్కా" అని పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మర్నాడు ఎనిమిదిన్నరకి సంతకాలు అయ్యాయి. జోడీ గట్టిగా కౌగిలించుకుంది. తొమ్మిదీ నలభైకి వ్యాన్. ఈసారి నాతో కలిపి అయిదుగురం. పక్క సీట్లో ఊతకర్రతో కూర్చున్న ముసలావిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మీరు కొత్త డాక్టరా?"

"కాదండీ. సుశీల చెల్లెల్ని."

ఆవిడ ముఖంలో ఆశ పోయింది. అయినా నా చెయ్యి పట్టుకుంది. "అయితే వచ్చారన్నమాట," అంది.

అబిలీన్ దాకా ఆ చెయ్యి వదల్లేదు. అక్కడ డాలస్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఈ దేశంలో పెద్ద నగరాలు చాలా తిరిగాను, ఫొటోలు తీసుకున్నాను. వాటిలో ఏ ఊరికీ నేను వచ్చినా రాకపోయినా ఒకటే. హాల్డెన్ మాత్రం పంతొమ్మిదేళ్లు నా కోసం చూసింది.