పావుగంట ముందు నడిచిన ముళ్ళు

మా అమ్మాయి నా పుట్టినరోజుకు చేతిగడియారం తెచ్చింది. పెట్టె తెరిస్తే మామూలు గడియారమే. నల్లటి డయలు, వెండిరంగు ముళ్ళు రెండు, గోధుమరంగు తోలు పట్టీ. మా నాన్నగారు చూసినా తప్పు పట్టలేనంత పద్ధతిగా ఉంది.

"ఇది ఉత్త గడియారం కాదు నాన్నా, హైబ్రిడ్" అంది.

హైబ్రిడ్ అనే మాట నేను అప్పటిదాకా వంకాయల విషయంలోనే విన్నాను. నిగనిగలాడతాయి, కూరలో రుచి ఉండదు. ఆ మాటే అన్నాను. "మీకు ఏది తెచ్చినా వంకలే. పెట్టుకోండి, పెళ్ళిళ్ళకు బాగుంటుంది" అంది మా ఆవిడ.

పెళ్ళిళ్ళకు బాగానే ఉంది. మా అపార్టుమెంటులో కుర్రకారు చేతులకు నల్లటి బిళ్ళలు కట్టుకుని తిరుగుతారు. పట్టుపంచె మీదకు ఆ బిళ్ళ కడితే మనిషి కొరియర్ ఇవ్వడానికి వచ్చినట్టు ఉంటాడు. నాది అలా కాదు. పైకి పెద్దమనిషి, లోపల కంప్యూటరు. డయలు అడుగున చిన్న తెర ఒకటి దాక్కుని ఉంటుంది. ఫోనుకు సందేశం రాగానే మణికట్టు మీద జర్రున వణుకుతుంది. రెండు ముళ్ళూ పక్కకు జరిగి అడ్డంగా పడుకుంటాయి. తెర వెలిగి సందేశమూ, అంకెల్లో టైమూ కనబడతాయి. కాసేపటికి ముళ్ళు లేచి మళ్ళీ తమ చోటికి వస్తాయి. ముప్పై ఏళ్ళు పత్రికాఫీసు డెస్కులో పనిచేశాను. కొత్త వార్త వచ్చిందంటే అంత మర్యాదగా పక్కకు జరిగిన పాత వార్తను ఒక్కదాన్నీ చూడలేదు.

ఇంకో సుఖం ఛార్జింగు. పక్క ఫ్లాటాయన గడియారానికి రోజూ చంటిపిల్లకు పాలు పట్టినట్టు కరెంటు పట్టాలి. నాది పదిహేను రోజులు ఉపవాసం ఉండగలదు.

కష్టాలూ ఉన్నాయి. తెర మీద అక్షరాలు కళ్ళజోడు లేకుండా కనబడవు. జోడు వెతికి పెట్టుకునేసరికి ముళ్ళు లేచి నిలబడతాయి. ఎండలో అయితే జోడు ఉన్నా లేనట్టే. అంతకంటే ఘోరం, అది చాడీలు చెబుతుంది. భోజనం తర్వాత నేను పుస్తకం చదువుకుంటానని ఇంట్లో ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న పేరు ఒక్క వారంలో పోయింది. అమ్మాయి తన ఫోనుకూ దాన్ని కలిపి పెట్టింది. హబ్సిగూడ నుంచి వాళ్ళమ్మకు ఫోను. "అమ్మా, నాన్న మధ్యాహ్నం గంటా పది నిమిషాలు నిద్రపోయారు."

"పుస్తకం పేరేమిటో కూడా చెప్పిందా?" అని అడిగింది మా ఆవిడ, నా వైపు చూస్తూ.

అడుగుల లెక్క మరో తంటా. రోజుకు ఎనిమిది వేల అడుగులు వేయాలని అమ్మాయి ఆర్డరు. తార్నాక నుంచి బయలుదేరి పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల కింద నడిచేవాణ్ణి. నాతో నడిచే రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన గొప్ప విషయం కనిపెట్టాడు. బెంచీ మీద కూర్చుని చెయ్యి ముందుకూ వెనక్కూ ఊపితే గడియారం అడుగులు వేసుకుంటుంది. అప్పటి నుంచి మాలో అయిదారుగురం ఆ రాతి బెంచీ మీద వరసగా కూర్చుని, రాజకీయాలు మాట్లాడుకుంటూ, రెండేసి వేల అడుగులు నడిచేవాళ్ళం. ఎవరి మోకాలికీ నొప్పి లేదు.

ఇక అసలు సంగతి.

మా పత్రికాఫీసు గోడ గడియారం ఎప్పుడూ పావుగంట ముందు ఉండేది. పేజీలు వేళకు అచ్చుకు వెళ్ళాలని ఎవరో మహానుభావుడు పెట్టిన ఆచారం. అది అబద్ధమని అందరికీ తెలుసు. అయినా దాన్ని చూసి అందరం పరుగెత్తేవాళ్ళం. ఆ అలవాటు నా ఒంట్లో దిగిపోయింది. ఉద్యోగం మానేశాక కూడా నా చేతి గడియారం పావుగంట ముందే. పావుగంట తీసేసి చూసుకోవచ్చు కదా అంటారు. తెలిసీ తీసేయకపోవడమే క్రమశిక్షణ అనుకునే జాతి మాది.

ఈ హైబ్రిడ్ గారితో అది కుదరలేదు. పక్కనున్న మర తిప్పితే ముళ్ళు కదలవు. టైము ఫోను నుంచి తీసుకుంటుందట. నేను ఊరుకోలేదు. ముళ్ళు దారి తప్పితే సరిచేసుకోవడానికి ఫోనులో ఒక ఏర్పాటు ఉంది. రెండు ముళ్ళనూ పన్నెండు దగ్గర నిలబెట్టి, ఇదే పన్నెండు అని దానికి చెప్పాలి. నేను పెద్దముల్లును మూడు దగ్గర నిలబెట్టి, చిన్నదాన్ని పన్నెండుకు కాస్త అవతలికి నెట్టి, ఇదే పన్నెండు అన్నాను. నమ్మింది. యంత్రాన్ని మోసం చేశానన్న ఆనందంతో ఆ పూట రెండు కాఫీలు తాగాను. ఫలితం ఏమిటంటే ముళ్ళు పావుగంట ముందు, లోపల తెర మీద అంకెలు సరైన టైము. ఒకే డయలులో రెండు కాలాలు. అదేమంత సంగతి అనిపించలేదు అప్పుడు.

వారానికి ఒక పూట క్యాంపస్‌లో జర్నలిజం పిల్లలకు పాఠం చెబుతాను. ఆ ఏడాది ఒక పత్రిక మా క్లాసు నుంచి ఒక్కరిని ట్రైనీగా తీసుకుంటామంది. ఎవరిని పంపాలో తేల్చే పరీక్ష నన్నే పెట్టమన్నారు. సాయంత్రం నాలుగింటికల్లా పేరు ఇవ్వాలి. గంటలో ఒక వార్త రాయాలి, అంతే. అంశం, "ఈ పొద్దున క్యాంపస్‌లో మీరు చూసిన ఒక సంగతి".

ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో వేయించాను. క్లాసు గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ఆ వయసు పిల్లలెవరికీ చేతిగడియారం లేదు. అంటే ఆ గదిలో కాలం నా మణికట్టు మీదే ఉంది. సరిగ్గా అప్పుడు అది వణికింది. చాలాసేపటి నుంచి కూర్చున్నావు, లేచి నడువు అని దాని సలహా. ముళ్ళు పడుకున్నాయి. తెర మీద పదిన్నర.

"పదిన్నర. మొదలుపెట్టండి. పదకొండున్నరకు కాగితాలు తీసుకుంటాను" అన్నాను.

పదకొండున్నరకు తీసుకున్నాను కూడా. ముళ్ళ ప్రకారం.

వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. సిద్దిపేట వైపు రైతు కుటుంబం, క్యాంపస్ హాస్టల్లో ఉంటుంది. క్లాసులో బాగా రాసేవాళ్ళలో ఒకతె. ఈ ఉద్యోగం రాకపోతే కోర్సు కాగానే ఊరికి వెళ్ళి బీఈడీ చదవాలని ఇంట్లో చెప్పేశారని తోటి పిల్లలు అనుకుంటుంటే విన్నాను. ఆమె కాగితం వదల్లేదు.

"సర్, ఇంక గంట కాలే."

"ఎట్లా తెలుసమ్మా?"

"పక్క క్లాసు ఇంక ఇడువలే సర్. రోజు పదకొండున్నరకు ఇడుస్తరు. వరండాల ఒక్కరు లేరు, సూడుండ్రి."

నిజంగానే వరండా ఖాళీగా ఉంది. ముప్పై ఏళ్ళు ఆధారం ఏది అని విలేకరులను వేపుకుతిన్నవాణ్ణి, ఆధారం చేతికిస్తే చూడలేదు. "డెస్కు పక్క గదిని చూసి నడవదమ్మా, గడియారం చూసి నడుస్తుంది" అన్నాను. మాట బాగా కుదిరిందని లోలోపల మురిశాను కూడా. కాగితం లాక్కున్నాను. ఆమె చేతిలో పెన్ను మాత్రం మిగిలింది.

కాగితాలన్నీ సంచీలో వేసుకుని, పరీక్ష అయిందని డిపార్టుమెంటు పెద్దకు ఫోనులో సందేశం పెట్టి, తార్నాక చౌరస్తా దగ్గర మా చాయ్ దుకాణానికి వచ్చాను. అక్కడ నా పాత సహోద్యోగి ఉన్నాడు. ఫొటోగ్రాఫరు, వారాసిగూడ మనిషి. చాయ్ వచ్చేలోగా వెనక బెంచీ అమ్మాయి కాగితం తీసి చదివాను. వార్త బ్రహ్మాండంగా ఉంది. కాని తల లేదు. వార్తలో మొదటి పేరాను మేము ఇంట్రో అంటాం. ఆ ఇంట్రో చోట అయిదు వరసలు ఖాళీ. మొత్తం రాసుకుని చివర్న తీరిగ్గా తల పెడదామనుకుంది కాబోలు. ఇంట్రో లేని వార్తకు నా లెక్కలో సగం మార్కులు పోతాయి. సగం పోతే ఆ ఒక్క చోటు ఆమెది కాదు.

అప్పుడు గడియారం వణికింది. మా ఆవిడ సందేశం, పెరుగు తెమ్మని. తెర మీద పదకొండూ నలభై. చదివాను. ముళ్ళు లేచి నిలబడ్డాయి. పన్నెండుకు అయిదు తక్కువ.

చాయ్ గ్లాసు కింద పెట్టాను. మొదలుపెట్టింది అంకెలు చూసి, ఆపింది ముళ్ళు చూసి. ఫోను తీసి డిపార్టుమెంటు పెద్దకు పెట్టిన సందేశం ఎప్పుడు వెళ్ళిందో చూశాను. పదకొండూ పదహారు.

ఫొటోగ్రాఫరుకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అంటే అన్నా, గంట అని చెప్పి ముప్పావుగంట ఇచ్చినవా?"

"అవును."

"పెట్రోలు బంకోడు సుత గింత కోత పెట్టడన్నా!"

"అరవకు. అందరూ చూస్తున్నారు."

"సూడనీ. గా వాచ్ ఇటు తే, ఫొటో తీస్త. ఒక్క వాచ్‌ల రెండు టైములు. దునియాల ఎవని దగ్గరా లేదు."

"ఫోన్లు తీసుకున్నాక కూడా ఎవరూ అడగలేదు కదా" అని గొణిగాను.

"గా పోరికి తెలుసు కదన్నా. చెప్పింది కదా నీకు మొహం మీదనే." చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచాడు. "నడువు. బండి మీద దింపుత."

పత్రికల్లో తప్పు దొర్లితే సవరణ వేస్తాం. లోపలి పేజీలో, సంతాప ప్రకటనల పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో. అలాంటి సవరణలు నేను వందలకొద్దీ కుదించాను. ఇప్పుడు నా సవరణ నేనే క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అక్కడ చిన్న అక్షరాలు కుదరవు. "నా గడియారం తప్పు వల్ల పరీక్ష పావుగంట ముందే ముగించాను. రెండింటికి అందరూ రండి. ఎవరి కాగితం వాళ్ళకిచ్చి పావుగంట ఇస్తాను" అని రాశాను. వెంటనే ఒక కుర్రాడు "సర్, గడియారం తప్పా, పెట్టుకున్నవాళ్ళ తప్పా? ఆధారం?" అని అడిగాడు. నేను నేర్పిన చదువే. "పెట్టుకున్నవాడిది" అని సవరణకు సవరణ వేశాను.

రెండింటికి అందరూ వచ్చారు. ఫోన్లు అట్టపెట్టెలో పడ్డాయి. వెనక బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"సర్, మీ వాచ్ సుత డబ్బల వెయ్యిండ్రి."

క్లాసంతా నవ్వింది. వేశాను. అది వేసేటప్పుడు కూడా వణికింది, లేచి నడవమని. ఫొటోగ్రాఫరు మొదటి బెంచీలో కూర్చుని తన ఫోనులో అలారం పెట్టాడు. "నేనున్న, ఫికర్ చెయ్యకుండ్రి బిడ్డా" అని పిల్లలకు భరోసా ఇచ్చాడు, నేను పారిపోయే దొంగనైనట్టు.

ఆమె ఎనిమిది నిమిషాల్లో కాగితం ఇచ్చేసింది. ఖాళీ వరసల్లో మూడే నిండాయి. "క్యాంపస్‌లో పొద్దున నడకకు వచ్చే పెద్దలు కొందరు కూర్చునే నడుస్తున్నారు. కాళ్ళు కదలవు, చేతి గడియారాలు మాత్రం వేల అడుగులు లెక్క చూపుతున్నాయి."

మిగతా వార్తంతా మా బెంచీ గురించే. ఇంజనీరు చెప్పిన కిటుకు ఉంది. ఇంకో నాలుగు వందలు ఊపితే ఇంటికి పోవచ్చు అన్న మాట ఉన్నదున్నట్టు ఉంది. మూడో పేరాలో "నల్ల డయలు, గోధుమరంగు పట్టీ గడియారం పెట్టుకున్న ఒక పెద్దమనిషి రెండు చేతులూ మార్చి మార్చి ఊపారు" అని ఉంది. చాయ్ దుకాణంలో చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర ఆ పెద్దమనిషి ఎవరో తట్టలేదు. తట్టించుకోలేదు అనడం నిజం. వార్త పొడుగైతే డెస్కు కింది నుంచి కోస్తుంది. మూడో పేరా దాకా కత్తెర రాదు. తెలిసే అక్కడ పెట్టిందని నా అనుమానం.

"ఇంట్రో ముందు రాయాలని నేను చెప్పలేదా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"మొత్తం రాస్తెనే సర్, ముందల ఏముండాల్నో నాకు తెలిసేది. అందుకే జాగ ఇడిశిన. టైమ్ లెక్కేసుకునే ఇడిశిన" అంది. "గంట అన్నరు కదా మీరు."

మిగిలిన కాగితాలన్నీ చదివాను. రెండో స్థానం దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది గాని, మొదటి స్థానం దగ్గర అవసరం పడలేదు. నాలుగుకు పది నిమిషాల ముందు పేరు ఇచ్చేశాను. ఫొటోగ్రాఫరు ఫోను చూసి మరీ.

ఆ సాయంత్రమే ముళ్ళను పన్నెండు దగ్గర నిలబెట్టి నిజం చెప్పాను. అప్పటి నుంచి ప్రతి చోటికీ పావుగంట ఆలస్యంగా వెళ్తున్నానని మా ఆవిడ అంటుంది. పెళ్ళిళ్ళకు ఇప్పటికీ అదే పెట్టుకుంటాను. ఎవరైనా మెచ్చుకుంటే ముళ్ళు పడుకోవడం చూపిస్తాను. బెంచీ మీద మాత్రం చెయ్యి జేబులోనే ఉంచుతున్నాను.

ఉద్యోగంలో చేరిన మూడో రోజున వెనక బెంచీ అమ్మాయి నుంచి సందేశం వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది కాబట్టి మొత్తం చదవగలిగాను. "సర్, ఇక్కడ డెస్కుల గోడ గడియారం పది నిమిషాలు ముందున్నది. ఎవరికి చెప్పాలె?"

"ఎవరికీ చెప్పకు" అని రాశాను. ఒక్క నిమిషం ఆగి ఇంకో ముక్క కలిపాను. "నువ్వు మాత్రం పక్క గది చూసుకో."