గుండ్లకమ్మ ఒడ్డున దొరికిన దంతం

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది. గుంటూరులో ఒక పాత కాలేజీలో జువాలజీ మ్యూజియం నా చేతి కింద ఉండేది. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడవాటి గది, అద్దాల బీరువాలు, సీసాల్లో పాములు, అట్టపెట్టెల్లో ఎముకలు. అటెండరుగా చేరి ఇరవై ఆరేళ్లు ఆ తాళాలు మోశాను. బీరువా మీద దుమ్ము కనబడితే నాకు అన్నం సహించేది కాదు. ఆ శుభ్రం పిచ్చే చివరికి నా కొంప ముంచింది.

మిరపకాయల ఘాటుకి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో మాధురి అనే పరిశోధక విద్యార్థిని మా దగ్గరికి వచ్చింది. ఆసియాలో ఖడ్గమృగాలు ఒకప్పుడు ఎక్కడెక్కడ తిరిగాయో పాత రికార్డులన్నీ పోగుచేసి మ్యాపు గీస్తోంది. ఇప్పుడు మిగిలినవి మూడు జాతులేనట, మన ఒంటికొమ్ముది, జావాది, సుమత్రాది. దక్షిణాదిలో ఇప్పుడు ఒక్కటీ లేకపోయినా, రాయిగా మారిన ఎముకలు అక్కడక్కడ దొరికాయని చెప్పింది. రికార్డు అని దేన్నంటారమ్మా అని అడిగాను.

"ఏ జంతువు, ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది. ఈ మూడూ తేలితేనే రికార్డండీ," అంది.

వాటిలో రెండు మా దగ్గర ఉన్నాయనుకున్నాను. మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకీ నంబరు వేసి రాసే పుస్తకాన్ని యాక్సెషన్ రిజిస్టర్ అంటాం. అందులో మా జువాలజీ లెక్చరర్ దేవదానం మాస్టారి చేతిరాత ఉంది: శిలాజ దంతం, గుండ్లకమ్మ ఒడ్డు, అద్దంకి దగ్గర, దొరికింది నాకు. ఏ జంతువుదో ఆయన రాయలేదు. అదే రాసిన లేబుల్ దారంతో కట్టి ఉన్న దంతాన్ని మాధురి భూతద్దం కింద చాలాసేపు చూసింది. ఖడ్గమృగానిదేనని తేల్చింది. తన మ్యాపులో ఈ ప్రాంతంలో ఒక్క చుక్కా లేదని, ఇప్పుడు పెడతానని, పక్కన మాస్టారి పేరు వేస్తానని అంది.

మాస్టారు అంతకు ముందు ఏడాదే పోయారు. ఆయన పేరు నిలుస్తుందన్న సంతోషంతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రమే నల్లపాడు వెళ్లి ఆయన భార్య సుగుణమ్మగారికి చెప్పాను. ఆవిడ, పేరు ఇంటిపేరుతో సహా వేస్తారా అని మెల్లగా అడిగారు. వేయిస్తానని మాటిచ్చి వచ్చాను.

మర్నాడు మాధురి దంతాన్ని వెలుతురులో తిప్పుతూ, "దీని సందుల్లో ఒండ్రుమట్టి కాస్త మిగిలినా పరీక్షకు పంపేదాన్ని. ఎవరో బాగా కడిగేశారండీ," అంది.

కడిగింది నేనే. ఆరేళ్ల కిందట కాలేజీకి తనిఖీ బృందం వస్తుందంటే గదంతా తళతళలాడించాలనుకున్నాను. మా దగ్గర శిలాజ దంతాలు రెండే ఉండేవి. ఒకటి మాస్టారు తెచ్చింది, రెండోది పాఠం కోసం ఉత్తరాది నుంచి కొని తెప్పించింది; దాని లేబుల్ మీదా జంతువు పేరు లేదు. రెండింటి లేబుళ్లూ విప్పి ఎండలో పెట్టి, దంతాలను బకెట్లో నానేసి బ్రష్షుతో రుద్దాను. ఇంతలో ప్రిన్సిపాల్ గారు పిలిచారు. తిరిగొచ్చేసరికి ఏది దేనిదో నాకు గుర్తు రాలేదు. మాస్టారు తనదాన్ని పెద్ద పన్ను అనేవారు కదా అని, పెద్దదానికి గుండ్లకమ్మ లేబుల్ కట్టాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. తిడతారని భయపడి చెప్పలేదు.

మాధురి చూసింది ఆ పెద్దదాన్నే. రెండోది అడవిదున్నదట. లేబుళ్లు తారుమారై ఉంటే మాస్టారికి దొరికింది దున్న పన్ను.

రెండు రోజులు నోరు మెదపలేదు. చూసినవాడు లేడు, చెప్పేవాడు లేడు. ఊరుకుంటే మ్యాపులో చుక్క పడుతుంది, మాస్టారి పేరు నిలుస్తుంది, సుగుణమ్మగారికిచ్చిన మాట దక్కుతుంది. మూడో రోజు మాధురి తన కాగితంలో ఆయన పేరు రాయబోతుంటే చూడలేకపోయాను. ఆగమ్మా అని జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి కలం కింద పెట్టింది.

"ఏది ఎక్కడిదో ఇప్పుడు ఖాయంగా చెప్పగలరా?"

"చెప్పలేనమ్మా. ఊహించి కట్టాను."

"అయితే చుక్క పెట్టలేనండీ," అంది. కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

నల్లపాడు వెళ్లేసరికి సుగుణమ్మగారు వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. నేను నిలబడే చెప్పాను. ఆవిడ చేతులు ఆగాయి.

"ఆయన పేరు లేకపోతే పోయిందిలే కోటయ్యా. తెలియనిదాన్ని తెలిసిందంటే ఆయన ఒప్పుకునే మనిషి కాదు," అన్నారు. మళ్లీ ఓ మిరపకాయ అందుకుని, "అయినా ఆయనుండగా ఒక్కసారి తీసుకొచ్చి చూపించకపోయావా? చేత్తో పట్టుకోగానే చెప్పేవారు కదయ్యా," అన్నారు.

రిజిస్టర్‌లో మాస్టారి రాత కింద, ఈ రెండు దంతాల లేబుళ్లు ఊహించి కట్టినవి, కట్టింది నేను, అని రాసి సంతకం పెట్టాను. నా తర్వాత ఆ తాళాలు తీసుకున్న అమ్మాయికి మొదటి రోజే ఆ పేజీ చూపించాను. లేబుల్ ఊడితే ఊడిందని రాయి, ఊహించి కట్టకు, తెలిసినవాళ్లు బతికుండగానే వెళ్లి అడుగు అని చెప్పాను.

దంతాలు కడిగాక మాస్టారు బతికున్న ఆ ఐదేళ్లలో నేను ఆయనింటికి వెళ్లని నెల లేదు. ప్రతిసారీ, మన పెద్ద పన్ను ఎలా ఉంది కోటయ్యా అని అడిగేవారు. శుభ్రంగా ఉందండీ అని చెప్పి వచ్చేవాణ్ని.