సిగిడిలో పోసిన పెట్రోలు

నా చిన్నప్పుడు పెట్రోలు లీటరు రూపాయి చిల్లరకు దొరికేది. ఈ మాట అనగానే మా ఇంట్లో పిల్లలు నోళ్లు తెరుస్తారు. బంకులో నూరు దాటిన అంకెను చూసి నిట్టూర్చే నా ఈడు వాళ్లయితే ఆ కాలం స్వర్గమే అంటారు. అలాంటప్పుడు ఆ స్వర్గానికి కొంచెం గాలి తియ్యడం నా అలవాటు. పెట్రోలు చవకే. కాని మా వాడ మొత్తానికి పెట్రోలుతో పని ఉన్న మనిషి ఒక్కడే. మిగిలిన మాకు ఏనుగుల ధర తగ్గిందంటే ఎంత సంతోషమో, పెట్రోలు చవకంటే అంతే సంతోషం.

మాది గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్ల వాడ. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. మా బాపు, అంటే నాన్న, బాయిలో బొగ్గెత్తి పట్టాల మీద పోయే టబ్బులు నింపేవాడు. ఇంట్లో వంటకు బొగ్గు కంపెనీయే ఇచ్చేది. అందుకని మండే వస్తువు దేనికైనా ధర ఉంటుందన్న సంగతి మా బుర్రలకు ఎక్కలేదు. బొగ్గు ఉప్పులాంటిది కూడా కాదు, గాలిలాంటిది. అన్నం ఉడికాక కూడా సిగిడి, అంటే మా బొగ్గుల కుంపటి, అలా ఎర్రగా కూర్చునే ఉండేది. ఆర్పడం ఎందుకు, మళ్లీ అంటించడం ఎందుకు?

అంటించడమే కష్టం మరి. ఇనుప సిగిడి గడప బయట పెట్టి, అడుగున పిడకలు, పుల్లలు పేర్చి, పైన బొగ్గు పోసి, పొగంతా పోయేదాకా విసరాలి. అందుకే వాడలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి సిగిడి ముందు అంటుకుంటే వాళ్ల నిప్పులే అందరివీ. రేకు ముక్క పట్టుకుని వెళ్లి నాలుగు కణికలు తెచ్చుకునేవాళ్లం. ఉప్పు కావాలంటే అడిగేవాళ్లం, చింతపండు కావాలంటే అడిగేవాళ్లం. నిప్పు మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు, తిరిగి ఇచ్చేవాళ్లూ కాదు. ఈ పద్ధతే నా కొంప ముంచింది. నా కొంప అంటే పెద్ద మాట. ముంచింది పక్కింటి కొంపను.

పక్కింటి కాక, అంటే బాబాయి వరసాయన, బాయి ఆఫీసులో క్లర్కు. ఆయనకొక పాత మోటారు సైకిలు ఉండేది. పెట్రోలు రూపాయి ఉన్న రోజుల్లో ఆయన దాని మీద వాడలో సగం మందిని దవాఖానకు, మిగతా సగం మందిని సంతకు తిప్పాడు. తరవాత ఎక్కడో అరబ్బు దేశాల్లో యుద్ధమైందని రేడియో చెప్పింది. చూస్తుండగానే లీటరు మూడు రూపాయలు దాటింది. ఎడారిలో ఎవరో తుపాకులు కాల్చుకుంటే గోదావరిఖనిలో కాక మొహం ఎందుకు నల్లబడిందో నాకు అర్థం కాలేదు. ఆ ఊళ్లో మొహం నల్లబడటానికి వేరే కారణాలే ఎక్కువ.

ఎక్కించుకొమ్మని అడిగేవాళ్లు మాత్రం తగ్గలేదు. వాళ్లది చర్చికి పోయే కుటుంబం, పెట్రోలు లేదని అబద్ధం చెప్పడం కాకకు చేతకాలేదు. అందుకని ఆయన ఇంటికి రాగానే ట్యాంకులోని పెట్రోలంతా ఒక సీసాలోకి దించి, వెనక అరుగు మీద దాచేవాడు. ఎవరైనా వస్తే, 'ట్యాంకుల చుక్క లేదు తమ్మీ' అనేవాడు. అక్షరాలా నిజం. మూత తీసి చూపించేవాడు కూడా.

వాడ పిల్లలకు ఆయన్ని అనుకరించి చూపించడం నా రోజువారీ కార్యక్రమం. ఒక చెయ్యి గుండె మీద, ఇంకో చెయ్యి లేని ట్యాంకు మీద పెట్టి 'చుక్క లేదు తమ్మీ' అంటే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. నా వయసు పదేళ్లు. ఎవరి కష్టమైనా నాకు ఆటవస్తువే. ఆ సీసా అరుగు మీద ఉంటుందని మాత్రం నాకు తెలియదు. తెలిస్తే దాన్ని కూడా నాటకంలో పెట్టేదాన్ని.

కాక కూతురు, మా పక్కింటి అక్క, అప్పుడే టీచరు ట్రైనింగు ముగించింది. రామగుండంలో ఒక బళ్లో ఒకే ఒక్క ఉద్యోగం ఖాళీగా ఉందని, పొద్దున పది గంటలకు ఇంటర్వ్యూ అని కబురొచ్చింది. వాడలో ఆడపిల్ల ఉద్యోగానికి బయలుదేరడం అదే మొదలు. ఉద్యోగం రాకపోతే వచ్చే నెలలోనే పెళ్లి చేసి పంపుతానని ఆమె మేనమామ పట్టుబట్టి కూర్చున్నాడు. అక్క రెండు రోజుల ముందే చీరకు గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీ చేసి, దాన్ని పసిపిల్లలా మంచం మీద పడుకోబెట్టింది. ఆరేడు మైళ్ల దూరం. బస్సును నమ్మడానికి లేదు, అది నిండుగా వచ్చి ఆగకుండా పోయేది. కాక వారం రోజులుగా ఆఫీసుకు నడిచిపోయి, సీసాలో ముప్పావు వంతు పెట్రోలు మిగిల్చాడు. పోను రాను సరిపోతుంది.

ఆ పొద్దున తొలకరి వాన పడింది. వాడలో ఒక్క సిగిడీ అంటుకోలేదు. రాత్రి షిఫ్టు దిగి బాపు వచ్చే వేళయింది. అమ్మ నీళ్లకు పోతూ సిగిడి అంటించమని నాకు చెప్పింది. పిడకలు తడిశాయి. మా దగ్గర గ్యాసునూనె అంటాం, ఆ కిరోసిన్ డబ్బా బోర్లిస్తే చీమ కూడా తడవలేదు. అటూ ఇటూ చూస్తే కాక వాళ్ల వెనక అరుగు మీద సీసా కనబడింది. మూత తీసి వాసన చూశాను. మా నూనె కంటే మంచి వాసన. క్లర్కులు కదా, మంచి రకం కొంటారనుకున్నాను. మండించేది నిప్పులాంటిదే, నిప్పు అడిగేదేముంది? ఎత్తుకొచ్చాను.

పిడకల కింద బూడిదలో రాత్రి నిప్పు కొంచెం మిగిలి ఉందని నేను చూసుకోలేదు. పొయ్యగానే భగ్గున లేచింది. నేను వెనక్కి పడ్డాను, సీసా రాయి మీద పడింది. మిగిలినదంతా మట్టి తాగింది. నా ఎడమ కనుబొమ్మ సగం పోయింది. సిగిడి మాత్రం, నిజం చెప్పాలి, అంత బాగా ఎన్నడూ అంటుకోలేదు.

అమ్మ బిందె పారేసి పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి ముసలమ్మ గుండెలు బాదుకుని నాకు మంత్రం వెయ్యాలంది. నాకు కావలసింది కనుబొమ్మ, మంత్రం కాదు. ఈ గోలకు కాక బయటికొచ్చాడు. తెల్లచొక్కా, దువ్విన తల. వెనకాల గంజిచీరలో అక్క. కాక వంగి, సీసా మెడ ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఏం పోసినవే?"

"గ్యాసునూనె, కాకా."

"గది గ్యాసునూనె గాదు బిడ్డా" అన్నాడు, చాలా నెమ్మదిగా. కోప్పడి ఉంటే బాగుండేది.

లోపల కాక భార్య ఏడుపు మొదలుపెట్టింది. ఏదో ఒకటి చెయ్యాలని నాకు అనిపించింది. "మా ఇంట్ల బొగ్గు చాన ఉన్నది కాకా, ఎంత గావాల్నో తీస్కో" అన్నాను. నేను నవ్వించడానికి అనలేదు. జీవితంలో మొదటిసారి నిజంగా అన్నాను. అక్క ఒక్కతే నవ్వింది. నవ్వి, గోడ వైపు తిరిగింది. గంజిచీర భుజాల మీద సన్నగా కదిలింది.

బాపు అప్పుడే వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. నలుగురు నాలుగు రకాలుగా చెప్పింది విన్నాడు. నన్ను కొట్టలేదు. నీళ్లతో మొహం, చేతులు కడుక్కుని, సైకిలు బయటికి తీసి, క్యారేజీ మీద ఉతికిన తువ్వాల మడిచి వేశాడు.

"కూసో బిడ్డా" అన్నాడు అక్కతో.

"అన్నా, రాత్రంత డ్యూటీ చేసొచ్చినవ్" అన్నాడు కాక. "సైకిలియ్యి, నేను తొక్కుత."

"నువ్వు సైకిలు తొక్కి పదేండ్లాయె. సగం తొవ్వల నిన్ను గూడ నేనే మొయ్యాలె" అన్నాడు బాపు. తరవాత నా వైపు చూశాడు. "నువ్వు రా. ముంగట కూసో."

జనం లేని చోటికి తీసుకుపోయి కొడతాడనుకున్నాను. మూడోమనిషి బరువు ఆ సైకిలుకు ఎందుకో నాకు వేరే కారణం తోచలేదు. ముందున్న కడ్డీ మీద, ఆయన రెండు చేతుల మధ్య కూర్చున్నాను. నా వీపు ఆయన రొమ్ముకు ఆనింది. వాన వెలిసి ఎండ కాసింది. మైలు దాకా బాగానే ఉంది, రోడ్డు మీద వాళ్లెవరు, వీళ్లెవరు అని చూస్తూ పోయాను. తరవాత ఎక్కుడు, అంటే మిట్ట మీదికి పోయే రోడ్డు, వచ్చింది.

ఎక్కుడులో బాపు లేచి నిలబడి తొక్కాడు. ఆయన ఊపిరి నా తల మీద పడుతోంది. అది మామూలు ఊపిరి కాదు, గులకరాళ్ల మీంచి లాగిన తట్టలాగా చప్పుడు చేసేది. చెమట చుక్క ఒకటి నా చేతి మీద పడింది, నల్లగా ఉంది. "బాపూ, దిగుత" అన్నాను. పలకలేదు. వెనక నుంచి అక్క కూడా "దిగుత పెద్దబాపూ" అంది. దానికీ పలకలేదు. మాట్లాడటానికి ఆయన దగ్గర ఊపిరి మిగల్లేదని నాకు అప్పుడు తెలిసింది.

పైకెక్కాక ఆగాడు. హ్యాండిల్ మీద వంగి ఊపిరి కూడదీసుకున్నాడు. నేను ఏదో ఒక వెటకారం వెతుక్కున్నాను, దొరకలేదు.

"సీసల ఎంత ఉండె?" అని అడిగాడు.

"ముప్పావు."

గడ్డంతో వెనకాల మేం వచ్చిన రోడ్డును చూపించాడు. ముందున్న రోడ్డును కూడా చూపించాడు. "ముప్పావంటే గింత" అన్నాడు. అంతే. మళ్లీ ఎక్కి తొక్కాడు. నాకు ఆ దెబ్బ కంటే చెంపదెబ్బ నయమనిపించింది.

బడి మూలమలుపు దగ్గర బాపు సైకిలు ఆపి, ఇక్కడి నుంచి నడిచిపొమ్మన్నాడు. బొగ్గు మనిషితో వచ్చిందని లోపలివాళ్లు చూడొద్దని. అక్క దిగనని మొండికేసింది. "గేటు దాక తీస్కపోతెనే పోత, లేకుంటె పోను" అంది. గేటు దాకా తీసుకుపోయాడు. పది కొట్టడానికి ఇంకా కొద్దిగా టైముంది. ఆమె చీర నలగలేదు. ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్న అరచెయ్యి మాత్రం నల్లగా అయింది. అది చూసుకుని, కడుక్కోకుండానే లోపలికి పోయింది.

బాపు గోడకు ఆనుకుని కూర్చున్న చోటే నిద్రపోయాడు. ఎదురుగా పెట్రోలు బంకు. ఒక జీపు వచ్చి ఆగింది, గొట్టం పెట్టారు, తీశారు, జీపు వెళ్లిపోయింది. నేను ఒకసారి తుమ్మి తలెత్తేలోపు ఎన్ని లీటర్లు పోశారో. పోయడం ఇంత సులువు, అది చేసే పని మనిషి కాళ్లతో చెయ్యడం ఎంత కష్టమో అప్పుడే చూసి వచ్చినదాన్ని. నిద్రలో కూడా బాపు ఊపిరి ఆ చప్పుడే చేస్తోంది. ఇంట్లో రోజూ వినే చప్పుడే. మా సిగిడిలోకి గాలిలా ఉత్తినే వస్తుందనుకున్న బొగ్గు ఎక్కడి నుంచి వస్తోందో, ఆ గోడ పక్కన కూర్చుని విన్నాను.

అక్క మధ్యాహ్నం కాకతో బస్సులో తిరిగిపోయింది. కాక మనసాగక వెనకే వచ్చాడు, ఈసారి బస్సు ఆగింది. బాపూ నేనూ సైకిలు మీద. పొద్దున దిగినది ఇప్పుడు ఎక్కుడయింది. అడక్కుండానే దిగి వెనక నుంచి నెట్టాను. బాపు వద్దనలేదు. కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది, ఉద్యోగం అక్కకే. మేనమామ ఊరికి పోయాడు. ఇంటర్వ్యూలో ఏం అడిగారంటే, చేతికి ఆ మసి ఏమిటని ఒకటే అడిగారట. ఏం చెప్పిందో అక్క ఎవరికీ చెప్పలేదు. నేను 'చుక్క లేదు తమ్మీ' ఆట మానేశాను. పిల్లలు కొన్నాళ్లు అడిగి, విసుగొచ్చి వదిలేశారు. కాక ఆ తరవాత కూడా మా వాడవాళ్లను ఎక్కించుకున్నాడు, మునుపటంత కాకపోయినా.

ఆ రోజుల్లో పెట్రోలు చవకా అని ఇప్పుడు పిల్లలు అడుగుతారు. అప్పటి కూలితో పోల్చి చవకో కాదో లెక్కలు తెలిసినవాళ్లు చెప్పాలి. నాకు తెలిసింది ఒకటే, బోర్డు మీద రాసిన ధర ఎప్పుడూ పూర్తి ధర కాదు. బాపు ఊపిరి అరవై ఏళ్లు కూడా నిలవలేదు. దాన్ని ఏ బోర్డు మీదా ఎవరూ రాయలేదు.

మొన్న మనవరాలి స్కూటరు మీద బంకుకు పోయాం. ధర చూసి ఆ పిల్ల ఉసూరుమంది, ఏదో ఒకటి అని నవ్వించాను. ఆ పని ఇంకా చేతనవుతుంది. పెట్రోలు పోసే కుర్రాడు గొట్టం పట్టుకుని, "జీరో చూసుకోండమ్మా" అన్నాడు. చూశాను. మీటరు సున్నా దగ్గరే ఉంది, అతని తప్పేం లేదు. కాని అది సున్నా నుంచి మొదలవుతుందని, బాపు సైకిలు మీద పోయిన ఆ రోజు తరవాత నేను ఎన్నడూ నమ్మలేదు.